పీ0685 కోడ్ వచ్చిందా? ఈసీఎం మార్చే ముందు మెయిన్ రిలే చూడుండ్రి

అందరికి నమస్తే. ముందుగాల ఒక చప్పుడు వినుండ్రి. తమ్మీ, కీ ఆన్ చెయ్. సెల్ఫ్ కొట్టకు, ఆన్ ఒక్కటే.

ఏమన్న వినబడిందా? లేదు. పెట్రోల్ బండి గద, కీ తిప్పంగనే వెనుక సీటు కింద ఫ్యూయల్ పంపు ఒక రెండు సెకన్లు జుయ్యిమనాలె. మీటర్ల చెక్ ఇంజిన్ లైట్ వెలగాలె. ఆ చప్పుడూ లేదు, ఈ లైటూ లేదు. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతది గని స్టార్ట్ కాదు.

బండి ములుగు దిక్కుకెల్లి వచ్చింది. రోజూ గిట్లనే ఉండదు. ఒక్కోసారి మంచిగ స్టార్ట్ అయితది, గుంతల పడంగనే బంద్ అయితది. నడిచినప్పుడు స్కానర్ పెట్టి చూస్తే పీ0685. ఇంతకు ముందు చూసినోళ్లు ఈసీఎం, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, పోయింది, మార్చాలె అన్నరట. కోడ్ పేరుల ఈసీఎం అని ఉంటది గద, అట్లనే అనిపిస్తది. ఆ కోడ్ చెప్పేది వేరే. ఈసీఎంకు కరెంట్ ఇచ్చే మెయిన్ రిలే ఒకటి ఉంటది, అంటే సన్న కరెంట్‌తోని పెద్ద కరెంట్‌ను కలిపే స్విచ్, దాన్ని నడిపించే సర్క్యూట్ ఎక్కడనో తెగిందని. ఎక్కడ తెగింది అనేది మనం వెతకాలె.

అసలు ఇది పని చేసేది ఎట్లంటే, కీ ఆన్ చేయంగనే ఈసీఎంకు సన్న వైరుల ఒక సిగ్నల్ పోతది. అప్పుడది రిలే కాయిల్‌కు ఎర్త్ ఇస్తది. కాయిల్ లాగితే లోపటి పాయింట్లు అతుక్కుంటయి, బ్యాటరీ కరెంట్ లావు వైరుల ఈసీఎంకు, ఇంజెక్టర్లకు, సెన్సార్లకు పోతది. చాలా బండ్లల్ల కంట్రోల్ ఎర్త్ దిక్కు ఉంటది, కొన్నిట్ల ప్లస్ దిక్కు ఉంటది. అందుకే ఆ బండి వైరింగ్ డయాగ్రామ్ ముంగట లేకుండ మీటర్ పట్టుకోకుండ్రి.

బ్యాటరీతోని మొదలు. 12.6 వోల్టులు ఉంది, మంచిగుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు 10 చుట్టుపక్కల నిలబడ్డది. 9.6 కంటే కిందికి పడితే ముందు బ్యాటరీ సంగతి చూడాలె, లేకుంటే లేని తప్పులన్ని కనబడుతయి. ఫ్యూజ్ కూడ చూసిన, బాగనే ఉంది.

ఇగ రిలే తీస్తున్న. దాని పక్కకు బొమ్మ గీసి ఉంటది చూడుండ్రి. 85, 86 కాయిల్. 30 బ్యాటరీ నుంచి వచ్చేది, 87 బయటికి పోయేది. మీటర్ ఓమ్స్‌ల పెట్టి కాయిల్ చూస్తే 82. సాధారణంగ 50 నుంచి 120 లోపట ఉంటది, కాయిల్ తెగలేదు. బయట 12 వోల్టులు ఇస్తే టక్‌మన్నది. టక్‌మన్నదని సంబరపడొద్దు, పాయింట్లు కాలిపోయినా ఆ చప్పుడు వస్తది. 30కు ప్లస్ ఇచ్చి, 87కు ఎర్త్‌కు మధ్యల 21 వాట్ల బల్బు లోడ్ పెట్టి చూడాలె. ఫుల్ వెలుగుతుంది. రిలే తప్పేం లేదు.

సాకెట్‌ల 30 కాడ అదే బల్బు పెడుతున్న. ఈడ మీటర్ ఒక్కటే నమ్మొద్దు. వైరుల ఒక్క పోగు మిగిలినా మీటర్ 12 అని చూపెడుతది, బల్బు పెడితే అసలు సంగతి బయటపడుతది. వెలిగింది. అయితే ఒక్క మాట యాదికి పెట్టుకోండి: ఈ బల్బును 85 కాడ, ఈసీఎం కంట్రోల్ వైరు మీద అస్సలు పెట్టొద్దు. అది ఒకటిన్నర ఆంపియర్ల పైన లాగుతది, కాయిల్ లాగేది అండ్ల పదో వంతు కూడ ఉండదు. మంచిగున్న ఈసీఎంను మనమే కాల్చినట్టయితది.

ఇప్పుడు ఫ్యూజ్ ఉన్న జంపర్ వైరుతోని 30, 87 కలుపుతున్న. తమ్మీ, కొట్టు సెల్ఫ్.

చూసిన్రా, స్టార్ట్ అయింది! ఈ ఒక్క పరీక్షతోని సగం బండి పక్కకు పోయింది. కరెంట్ అందితే ఈసీఎం ఇంజిన్‌ను నడుపుతుంది. ఇంకా మిగిలింది రెండే: 86కు వచ్చే ప్లస్, 85 నుంచి ఈసీఎం దాక పోయే సన్న వైరు.

జంపర్ తీసేసిన, బండి బంద్. 86 కాడ 12 ఉంది. మీటర్ ఎర్రది బ్యాటరీ ప్లస్‌కు, నల్లది 85 సాకెట్‌కు. కీ ఆన్. 12 రావాలె, సున్నా వస్తుంది. అంటే ఈసీఎం ఇచ్చే ఎర్త్ ఈడి దాక వస్తలేదు. ఈసీఎం ఇస్తలేదా, ఇచ్చింది నడుమ పోతుందా? ఈసీఎం కప్లర్ వెనుక నుంచి సన్న పిన్నుతోని చూస్తున్న, వైరు తోలు పొడవకుండ. కీ సిగ్నల్ 12 వస్తుంది. ఈసీఎం ఎర్త్‌కు బ్యాటరీ మైనస్‌కు నడుమ తేడా 0.04 వోల్టులు, అది 0.1 దాటొద్దు. కంట్రోల్ పిన్ కాడ ఎర్త్ ఉంది. ఈసీఎం దాని పని అది చేస్తుంది, వైరే తెగింది.

బ్యాటరీ టెర్మినల్ ఇప్పి, ఈ కొస నుంచి ఆ కొసకు కంటిన్యుటీ పెట్టి వైరింగ్‌ను మెల్లగ కదిలిస్తున్న. ఈడ, వైపర్ కిందికెల్లి నీళ్లు దిగే మూల కాడ, మీటర్ కూస్తుంది, ఆగుతుంది. టేపు ఇప్పుత. ఎలుక కొరికింది. తోలు పోయినకాడ వాన నీళ్లు చేరి రాగికి పచ్చ చిలుము పట్టింది. వరి బస్తాల పక్కన షెడ్డుల పెట్టే బండ్లకు వానకాలం ఇది మామూలే. మన దగ్గర వాన పడితే అండర్ బ్రిడ్జి కాడ నీళ్లల్లకెల్లి పోయిన బండ్లకు కూడ చిలుము పడుతది, గని అది ఎక్కువగ కప్లర్లల్ల.

రాగి మెరిసే దాక కోసి, అంతే మందం కొత్త వైరు సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ ఎక్కించిన. ఉత్త టేపు చుట్టి పంపితే వచ్చే వానకు బండి మల్ల మన దగ్గరికే వస్తది. టెర్మినల్ బిగించి, రిలే పెట్టి, కీ ఆన్.

జుయ్యిమన్నది. లైట్ వెలిగింది. కీ బంద్ చేస్తే కొన్ని సెకన్లకు రిలే టక్‌మని వదిలేసింది, ఈ బండిల అట్లనే కావాలె. కోడ్ కొట్టేసి, గుంతలున్న రోడ్డు మీద తిప్పుకొచ్చి, పెండింగ్ కోడ్‌లు మల్ల చూస్తున్న. ఏం లేవు.

మీకు పీ0686 గని పీ0687 గని వస్తే ఇదే వైరు చూడుండ్రి, గని తెగిందని కాదు. పీ0686 అంటే వోల్టేజ్ తక్కువ, చాలా మట్టుకు వైరు బాడీకి తాకి ఉంటది. పీ0687 అంటే ఎక్కువ, ప్లస్ వైరుకు తాకిందేమో చూడాలె.