ఎముక విరగలేదన్నారు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే మూడుసార్లు విన్నారు, నాలుగోసారి నేను చదవను, ఏమీ అనుకోకండి. నన్ను పరిచయం చేసినాయన నా సర్జన్ డిగ్రీలన్నీ చదివారు గానీ అసలుదాన్ని వదిలేశారు. అది నా ఎడమ మోకాలు.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. వాలీబాల్ ఆడేవాణ్ణి. నెట్ దగ్గర ఎగిరి దిగాను. ఎవరూ తాకలేదు, ఎవరూ తొయ్యలేదు. లోపల 'టప్'మంది. పక్కనున్నవాడికీ వినిపించింది. రెండు గంటల్లో మోకాలు కుండలా ఉబ్బింది. ఎక్స్‌రే తీశారు. "ఎముక విరగలేదు, రెండు వారాలు రెస్టు తీసుకో" అని క్రేప్ బ్యాండేజీ చుట్టి పంపించారు. ఎముకనీ ఎముకనీ కలిపి పట్టుకునే పట్టీ, లిగమెంట్ అంటాం, అది ఎక్స్‌రేలో కనపడదని ఎవరూ చెప్పలేదు. వాపు తగ్గింది, ఆడాను. మోకాలు జారిపోయింది. మళ్లీ ఆడాను, మళ్లీ జారింది. అలా ఒక ఏడాది. మొదట తెగింది ఏసీఎల్ ఒక్కటే, అంటే మోకాలి మధ్యలో ఉండే లిగమెంట్. ఆ ఏడాదిలో మెనిస్కస్ కూడా, అంటే ఎముకల మధ్య మెత్తలా ఉండేది, నలిగి పీలికలైంది. ఆ ఏడాది మీద కోపం ఇప్పటికీ పోలేదు. చూశారా, మాట్లాడ్డం మొదలుపెట్టి అయిదు నిమిషాలు కాలేదు, అప్పుడే గొంతు పెరిగింది.

ఆ రోజు చెయ్యాల్సింది ఏమిటో చెప్తాను. లాచ్‌మన్ పరీక్ష అంటారు. మోకాలు కొంచెం, ఇరవై ముప్పై డిగ్రీలు వంచాలి. ఒక చేత్తో తొడ కదలకుండా పట్టుకుని, ఇంకో చేత్తో మోకాలి కింది భాగాన్ని ముందుకి లాగాలి. లిగమెంట్ ఉంటే టక్కున ఆగుతుంది. లేకపోతే చేతికి ఆ ఆగడం తగలదు, మెత్తగా ముందుకొస్తుంది. 1976 నుంచీ పుస్తకాల్లో ఉంది. యంత్రాలు అక్కర్లేదు, రెండు చేతులు చాలు. వాపు మీదున్న రోజు కండలు బిగుసుకుని తెలియకపోతే, వారం ఆగి మళ్లీ చూడాలి. అంతే. ఆ వారం తర్వాత నన్ను ఎవరూ మళ్లీ రమ్మనలేదు.

నిర్వాహకులు ఇచ్చిన అంశం 'క్రీడావైద్యంలో ఆధునిక శస్త్రచికిత్సలు'. నలభై స్లైడ్లు తెచ్చాను కూడా. 1918లో తకాగి అనే జపాన్ డాక్టరు, మూత్రాశయం చూసే గొట్టాన్ని శవం మోకాల్లో పెట్టి లోపలికి తొంగి చూశాడు. ఆయన శిష్యుడు వతనబే 1962లో అలాంటి గొట్టంతోనే చూస్తూ, చిరిగిన మెనిస్కస్ ముక్కను కత్తిరించి తీశాడు. ఇవాళ మేము రెండు చిన్న గాట్లతో పని కానిస్తున్నామంటే ఆ గొట్టం పుణ్యమే. మిగతా స్లైడ్లు వదిలేస్తున్నాను. ఒక్కటి ఉంచుతాను.

1974. అమెరికాలో టామీ జాన్ అనే బేస్‌బాల్ పిచర్‌కి, అంటే బంతి విసిరే ఆటగాడికి, మోచేతి లిగమెంట్ తెగింది. అప్పటికి అది తెగితే ఆట అయిపోయినట్టే. ఫ్రాంక్ జోబ్ అనే సర్జన్, జాన్ ముంజేతిలోంచే ఒక టెండన్, అంటే కండని ఎముకకి కట్టే తాడు, తీసి, ఎముకల్లో రంధ్రాలు చేసి, లిగమెంట్‌గా అల్లాడు. నూటికి ఒక వంతే ఆశ అని ముందే చెప్పాడట. ఆ ఆటగాడు 1989 దాకా ఆడాడు. మొత్తం 288 గెలుపుల్లో 164 ఆపరేషన్ తర్వాతవే. ఈ కథ అందరూ చెప్తారు. అందులో ఒక సంగతి మాత్రం ఎవరూ నొక్కి చెప్పరు. 1975 సీజన్లో ఆయన ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఒక్కటీ!

కోచ్‌లూ, మీకోసమే ఇది. వెనక వరుసలో ఫోన్ చూస్తున్న సార్, మీక్కూడా.

నా దగ్గరికి ఒక ఫుట్‌బాల్ అమ్మాయి వచ్చింది. ఏసీఎల్. తొడ వెనక టెండన్ తీసి కొత్తది వేశాను. చక్కగా కుదిరింది, నాకే ముచ్చటేసింది. ఆరో నెలలో కోచ్‌ని, వాళ్ల నాన్నని వెంటబెట్టుకుని వచ్చింది. పై వారం ఫైనల్. నొప్పి లేదు, వాపు లేదు. ఒంటికాలి మీద గెంతమన్నాను. రెండు కాళ్ల దూరానికీ తేడా కనిపిస్తూనే ఉంది. "ఇరవై నిమిషాలు చాలు సార్, అంతకన్నా ఆడించను" అన్నాడు కోచ్. పిల్ల నా మొహంలోకి చూస్తోంది. నేను సంతకం పెట్టాను.

పన్నెండో నిమిషంలో తెగింది.

నన్ను రెండు వారాల రెస్టుతో పంపిన డాక్టరుని ఇంతసేపూ తిట్టాను కదా. ఆయనకి ఆ పరీక్ష తట్టలేదేమో. నాకు అన్నీ తెలుసు. జనం 'నరం అతికింది' అనుకుంటారు గానీ, మేం వేసిన టెండన్ వేసిన రోజు ఉన్నంత బలంగా కూడా కొన్ని వారాలకి ఉండదు. దాంట్లోకి కొత్త రక్తనాళాలు రావాలి, అది మెల్లగా లిగమెంట్‌గా మారాలి. దానికి నెలలు పడుతుంది. నొప్పి మాత్రం చాలా ముందే పోతుంది. చిక్కంతా అక్కడే. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో, తొమ్మిది నెలల వరకూ ఆగిన ఒక్కో నెలకీ మళ్లీ గాయపడే రేటు సుమారు సగం తగ్గిందని తేలింది. నేను సంతకం పెట్టింది ఆరో నెలలో.

ఆపరేషన్ నాది, గంటన్నర. మిగతా తొమ్మిది నెలలు ఫిజియోవి, ఆ పిల్లవి, మీవి. నా దగ్గరికొచ్చే ప్రతివాళ్లూ అడిగేది "ఎప్పుడు ఆడొచ్చు?" అనే. తొడ కండలో బలం రెండో కాలితో సమానంగా వచ్చిందా అని ఒక్కరు అడగరు. సన్మాన సభల్లో శాలువా నాకు కప్పుతారు. ఫిజియో బయట కారు దగ్గర నిలబడి ఉంటుంది. ఇవాళ కూడా అంతే, చూడండి, ఆవిడకి కుర్చీ వెయ్యలేదు. ఎవరైనా వెయ్యండయ్యా, నేను ఆగుతాను.

ఆ, కూర్చోండమ్మా.

ఆ అమ్మాయికి రెండోసారి నేనే చేశాను. వద్దు, ఇంకొకరి దగ్గరికి వెళ్లమన్నాను. వాళ్ల నాన్న వినలేదు. ఈసారి పదకొండు నెలలు పట్టింది. తిరిగి గ్రౌండులోకి దిగింది గానీ మునుపటి పరుగు లేదు. నేను చూడ్డానికి వెళ్లాను, సగం ఆటలో లేచి వచ్చేశాను.

కాగితంలో ముగింపు ఒకటి రాసుకున్నాను, చదవను. ఏసీఎల్ తెగేవాటిలో ఎక్కువ భాగం ఎవరూ ఢీకొట్టకుండానే, దిగేటప్పుడూ దిశ మార్చేటప్పుడూ తెగేవే. మోకాలు లోపలికి వాలుతుంది చూడండి, అప్పుడు. దిగడం నేర్పొచ్చు. రోజూ ఇరవై నిమిషాల వార్మప్‌లో నేర్పొచ్చు. ఫిజియోగారు చూపిస్తారు. ముందు వరుస కుర్చీలు పక్కకి జరపండి. బూట్లు వేసుకొచ్చినవాళ్లు ఇటు రండి. వెనక సార్, ఫోన్ జేబులో పెట్టి మీరు మొదట.