కాన్పు ఆసుపత్రిలోనే... మరి తల్లి ఒంట్లో రక్తం ఎంతుంది?

నమస్కారం అండీ. మన దేశంలో తల్లీబిడ్డల ఆరోగ్యం ఈ ఇరవై ఏళ్లలో ఎంత మారిందో, ఏది మారకుండా అలాగే ఉండిపోయిందో ఈ వీడియోలో చూద్దాం.

2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 100 కాన్పుల్లో ఆసుపత్రిలో జరిగేవి 39 దాకానే. మిగతావి చాలావరకు ఇళ్లలోనే, మంత్రసాని చేతిలోనో ఇంట్లో పెద్దవాళ్ల చేతిలోనో జరిగేవి. 2019-21 సర్వేకి వచ్చేసరికి ఆసుపత్రి కాన్పులు 88.6 శాతం. ఆసుపత్రిలో కాన్పయితే డబ్బు సాయం చేసే జననీ సురక్ష యోజన, ఊరూరా ఆశా కార్యకర్తలు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రోడ్డెక్కిన 108 అంబులెన్స్... ఇవన్నీ 2005 నుంచి వచ్చినవే. అర్ధరాత్రి నొప్పులు మొదలైన అమ్మాయిని ఆటోలోనో అంబులెన్స్‌లోనో వెంటబెట్టుకెళ్లిన ఆశా అక్కలకు ఈ మార్పులో పెద్ద వాటా ఉంది. ఆ మాట గట్టిగా చెప్పుకోవాలి.

(తెర మీద గ్రాఫ్: లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు. 2004-06: 254. 2011-13: 167. 2018-20: 97. 2019-21: 93.)

2018-20 లెక్కల్లో తెలంగాణ 43, ఆంధ్రప్రదేశ్ 45. అప్పటికి కేరళ 19, అస్సాం 195. ఒకే దేశంలో ఇంత తేడా! 2030 నాటికి ప్రపంచం పెట్టుకున్న లక్ష్యం 70 లోపు. మన రెండు రాష్ట్రాలూ ఆ గీత ఎప్పుడో దాటేశాయి. అయినా 93 చిన్న అంకె అనుకోకండి. ఏటా 2 కోట్లకు పైగా కాన్పులు జరిగే దేశం మనది. అంటే ఏడాదికి దాదాపు 20 వేల మంది తల్లులు.

ఆసుపత్రికి చేరాక కూడా ఎందుకు చనిపోతున్నారు? అన్నిటికన్నా పెద్ద కారణం రక్తస్రావం.

(తెర మీద: గర్భసంచి బొమ్మ)

నెలలు నిండేసరికి గర్భసంచికి నిమిషానికి అర లీటరు దాకా రక్తం వెళ్తుంటుంది. బిడ్డ పుట్టి మాయ పడిపోగానే గర్భసంచి పిడికిలిలా బిగుసుకోవాలి. అప్పుడే ఆ రక్తనాళాలు మూసుకుంటాయి. బిగుసుకోకపోతే రక్తం ఆగదు. అది పక్క మీద, గుడ్డల్లోకి పోతుంటుంది కాబట్టి ఎంత పోయిందో కంటి అంచనాకు అందదు. ఇక్కడే ఒక చవకైన వస్తువు చాలా పనికొస్తోంది. గీతలు గీసిన ప్లాస్టిక్ సంచి. కాన్పు అవగానే తల్లి కింద పరిస్తే పోయిన రక్తం అందులో చేరుతుంది, గీత చూసి సిస్టర్ వెంటనే చికిత్స మొదలుపెడుతుంది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో దీన్ని, మసాజ్, మందులు, సెలైన్ అన్నీ ఒకేసారి ఇచ్చే పద్ధతితో కలిపి పరీక్షించారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి చూస్తే 60 శాతం తగ్గాయని 2023లో తేలింది.

అయితే అసలే రక్తం తక్కువున్న తల్లికి కొద్దిగా పోయినా ప్రమాదమే. మనం ముందుకు కదలనిది ఇక్కడే. గర్భిణుల్లో రక్తహీనత 2015-16లో 50.4 శాతం, 2019-21లో 52.2 శాతం. తగ్గకపోగా పెరిగింది! ఐరన్ మాత్రలు ఉచితంగానే ఇస్తారు. చేతికొచ్చిన మాత్ర కడుపులోకి వెళ్లడమే కష్టం. వికారం వస్తుంది, మలం నల్లగా అవుతుంది, భయపడి మానేస్తారు. మలం నల్లబడటం మామూలే, భయం లేదు. టీ, కాఫీలతో కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు. కాల్షియం మాత్ర కూడా అదే పూట వద్దు. నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత, 7 లోపు అయితే తీవ్రమైనది. చెకప్‌కి వెళ్లిన ప్రతిసారీ "రక్తం ఎన్ని గ్రాములుంది?" అని అడిగి కార్డులో రాయించుకోండి. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు.

ఇక సిజేరియన్లు. 2019-21 సర్వేలో తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం పెద్దాపరేషన్లే. దేశ సగటు 21.5. అవసరమైనప్పుడు ఈ ఆపరేషన్ ప్రాణం నిలబెడుతుంది, సందేహం లేదు. కానీ ముహూర్తం కోసం 37వ వారంలోనే కోయించడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. 39 వారాలు నిండకుండా తీస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బందులు రావడానికి అవకాశం ఎక్కువ. తల్లికి తర్వాతి కాన్పులో మాయ గర్భసంచికి లోతుగా అతుక్కుని ఊడిరాకుండా పోయే ముప్పు పెరుగుతుంది. కరీంనగర్‌లో 2017లో మొదలైన మిడ్‌వైఫ్ (మామూలు కాన్పులు చేయించే నర్సు) శిక్షణ లాంటివి ఇంకా విస్తరించాలి. నొప్పుల్లో పక్కన ఓపిగ్గా నిలబడే మనిషి ఉంటే చాలామందికి టెన్షన్ సగం తగ్గుతుంది.

బిడ్డల సంగతికొస్తే, 2013లో వెయ్యి మందిలో 40 మంది ఏడాది నిండకుండా చనిపోయేవారు. 2020కి అది 28. అందులో 20 మంది మొదటి 28 రోజుల్లోనే. పుట్టిన గంటలోపు ముర్రుపాలు అందేది 100 మందిలో 42 మందికే. ఆపరేషన్ అయినా సరే, సాయం చేసేవాళ్లుంటే గంటలోపు పట్టవచ్చు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి వెచ్చగా ఉంచడం కూడా ప్రాణం కాపాడే వైద్యమే.

డిశ్చార్జ్ అయ్యాక ఒక్క జాగ్రత్త. కాన్పయ్యాక 42 రోజుల దాకా బాలింతకు ముప్పు ఉంటుంది. గంటలోనే ప్యాడ్ తడిసిపోతున్నా, తలనొప్పితో చూపు మసకబారినా, జ్వరం, చలి వచ్చినా, ఫిట్స్ వచ్చినా "పచ్చి బాలింత, మామూలేలే" అని ఊరుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.