తాబేలు మేత డబ్బాలో ఎండు రొయ్యలు ఎందుకు కలిపారు?

నమస్కారం. ముందుగా ఒక మాట. ఈ మేత డబ్బాను కంపెనీ వాళ్ళే ఉచితంగా పంపారు. ధర, బరువు, ప్రొటీన్ శాతం మీరు వేరే చోట చూసే ఉంటారు, వాటిని మళ్ళీ చదవను. మూడు వారాలుగా మా చిట్టికి ఇదే పెడుతున్నాను. చిట్టి అంటే చెంపల మీద ఎర్రచార ఉండే, రెడ్ ఇయర్డ్ స్లైడర్ జాతి తాబేలు. దానికి ఇప్పుడు ఆరేళ్ళు.

గుళికలు నిజంగా బాగున్నాయి. నీటి మీద తేలుతూ పావుగంట దాకా చెదరడం లేదు. ఇంతకు ముందు వాడినవి ఐదు నిమిషాలకే పిండిలా విడిపోయి తొట్టి నీళ్ళను కుడితిలా చేసేవి. స్లైడర్ నీటిలోనే మింగగలదు కాబట్టి గుళిక గట్టిగా ఉండడం చాలా ముఖ్యం.

కానీ ఇదిగో, ఈ ఎండు రొయ్యలు చూడండి! గుళికల్లో వీటిని ఎందుకు కలిపారు? చిట్టి, పులిహోరలో జీడిపప్పు ఏరుకునే పిల్లలా, రొయ్యలన్నీ తినేసి గుళికలు వదిలేస్తోంది. నాకు కోపం రావడానికి కారణం ఉంది. నా మొదటి తాబేలును కొన్నప్పుడు, విజయవాడలోనే ఒక దుకాణంలో ఎండు రొయ్యలు చాలన్నారు, నమ్మాను. ఎనిమిది నెలలకు దాని కళ్ళు ఉబ్బి మూసుకుపోయాయి. కళ్ళు కనిపించక తిండి మానేసింది. విటమిన్ ఏ లోపమని పశువైద్యుడు చెప్పారు. పెంకు అంచు కూడా వేలితో నొక్కితే మెత్తగా ఉంది. కిటికీ అద్దం పక్కన పెడితే ఎండ చాలనుకున్నాను. ఎముకకు క్యాల్షియం పట్టడానికి కావలసిన అల్ట్రావయొలెట్ బి కాంతిని ఆ అద్దమే ఆపేస్తుందని అప్పటికి నాకు తెలియదు. అది బతకలేదు.

ఈ జాతి పిల్లగా ఉన్నప్పుడు మాంసాహారం ఎక్కువ తింటుంది, పెద్దయ్యే కొద్దీ ఆకుల వైపు మళ్ళుతుంది. చిట్టికి రోజు విడిచి రోజు దాని తలంత పరిమాణంలో గుళికలు వేస్తాను. మిగతా రోజుల్లో మందార ఆకులు, క్యారెట్ తురుము, గుమ్మడికాయ ముక్కలు. రైతు బజారులో పాలకూర చవక అని రోజూ వేయకండి, అందులోని ఆక్సాలిక్ ఆమ్లం క్యాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. గుర్రపు డెక్క కూడా ఇష్టంగా తింటుంది. బందరు కాలువ నుంచి మాత్రం తీసుకురావద్దు, ఆ నీటిలో ఏమేమి కలుస్తాయో మనం రోజూ చూస్తున్నాం. నేను మేడ మీద తొట్టిలో పెంచుతాను. క్యాల్షియం కోసం సముద్రపు నురుగు, అంటే కటిల్ చేప ఎముక ముక్క ఒకటి నీటిలో వేసి ఉంచుతాను.

అన్నట్టు, నక్షత్ర తాబేలుకు ఏం పెట్టాలని కొందరు అడిగారు. దాన్ని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పెంచలేక స్లైడర్‌ను కాలువలో వదలడం కూడా తప్పే, అది ఇక్కడి తాబేళ్ళ తిండిని, చోటును లాక్కుంటుంది.

ఇక ఈ డబ్బా సంగతి. గుళికలు ఎంత మంచివైనా, ఇలా కలిపి అమ్మినంత కాలం నేను దీన్ని కొనను, మిమ్మల్నీ కొనమని చెప్పను. రొయ్యలు తీసేసి ఇవే గుళికలు విడిగా అమ్మితే, ఆ రోజే నా డబ్బుతో రెండు డబ్బాలు కొంటాను. అప్పటిదాకా చిట్టికి పాత గుళికలే. నీళ్ళు రోజూ మారుస్తాను, ఫరవాలేదు.