చేత్తో తడిమి కొన్న బట్ట

అందరికీ నమస్కారమండి. కుట్టు నేర్చుకుని ఇవాళ సర్టిఫికెట్లు తీసుకుంటున్న పిల్లలతో పాటు వాళ్ళ అమ్మలూ అమ్మమ్మలూ కూడా వచ్చారు. అందుకే మెషిన్ సంగతి పక్కన పెట్టి బట్టల కొట్టు గురించి మాట్లాడదామనుకుంటున్నాను. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద షావుకారుగారు కూర్చుని ఉంటే, గుమాస్తాలు గోడ నిండా పేర్చిన తానులు ఒక్కొక్కటే లాగి మన ముందు దొర్లించేవాళ్ళు చూడండి, ఆ కొట్లు. రాజమండ్రి తాడితోటలో, ద్వారపూడిలో ఇప్పటికీ కొన్ని అలాగే నడుస్తున్నాయి. కోనసీమ వాళ్ళయితే పెళ్ళి బట్టలకి ముక్తేశ్వరం దగ్గర పంటు, అంటే మనుషుల్నీ బళ్ళనీ దాటించే పెద్ద పడవ, ఎక్కి కోటిపల్లి రేవులో దిగి, అక్కణ్ణించి బస్సు పట్టుకుని వెళ్ళేవాళ్ళు.

ఆ కొట్లంటే నాకు ప్రాణం. ఎందుకంటే అక్కడ అమ్మేవాడికీ బట్ట తెలుసు, కొనేవాళ్ళకీ తెలుసు. మా పెద్దవాళ్ళలో చదువు రానివాళ్ళు కూడా రెండు వేళ్ళ మధ్య అంచు పట్టుకుని నలిపి, ఇది గంజి బరువా, నిజంగా నేత బరువా అని చెప్పేసేవాళ్ళు. గంజి పొడి వేళ్ళకి అంటితే ఆ తాను పక్కకి పోయేది.

గుమాస్తా పాప్లిన్, అంటే సాదా నేత నూలు గుడ్డ, కొలిచే తీరు చూడాల్సిందే. బట్టని ఇనప మీటరు బద్ద వెంట లాగి, బొటనవేలితో నొక్కిపట్టి, మళ్ళీ లాగి, చివర్లో నాలుగు వేళ్ళ వెడల్పు ఎక్కువ వదిలి, కత్తెర మొనతో అంచు మీద చిన్న గాటు పెట్టేవాడు. తరవాత కత్తెర పక్కన పడేసి రెండు చేతులతో ఒక్క లాగు. పర్‌ర్‌మని ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చిరిగిపోయేది. చిన్నప్పుడు నాకు ఆ చప్పుడు కోసమే కొట్టుకి వెళ్ళాలనిపించేది. కుట్టు నేర్చుకున్నాక దాని వెనకున్న లెక్క తెలిసింది. సాదా నేత బట్ట అలా చింపితే పేక దారం, అంటే అడ్డంగా నేసిన దారం, వెంటే చిరుగుతుంది, వంకర పోదు. కత్తెరతో కోస్తే తిన్నగా తెగడం కోసేవాడి చేతిని బట్టి ఉంటుంది. దారం తప్పి తెగిన ముక్కతో లంగా కుట్టారనుకోండి, రెండు ఉతుకులకే ఒక పక్కకి వేలాడుతుంది. సాటిన్, నూలూ పాలిస్టరూ కలిపిన టెరికాటన్ మాత్రం కత్తెరతోనే కోసేవాళ్ళు. ప్రింటు గుడ్డయితే ముందు గళ్ళు దారం వెంట ఉన్నాయో లేదో చూపించి, ‘చింపనా, కొయ్యనా అమ్మా?’ అని అడిగేవాళ్ళు. ఆ ఒక్క ప్రశ్న అడిగే కొట్టు ఇప్పుడు మీకు దొరికితే వదలకండి.

ఇక పన్నా, అంటే అంగుళాల్లో బట్ట వెడల్పు. పిల్లలూ, మీటర్లు చెప్పే ముందు పన్నా అడగాలి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. 36 పన్నా బట్టలో పొట్టి చేతుల చొక్కాకి రెండుంపావు మీటర్లు పడితే, 58 పన్నాలో ఒకటిన్నరతో అయిపోతుంది. మా ఇళ్ళలో ఆడవాళ్ళు ఈ లెక్క నోటితోనే వేసేవాళ్ళు. పైగా సార్వా పంట చేతికొచ్చాక సంక్రాంతికి ఒకే తానులోంచి పిల్లలందరికీ తీసేవాళ్ళు. డబ్బు మిగులుతుందని ఒకటీ, పెద్దపిల్ల గౌనులో మిగిలిన ముక్క చిన్నవాడి చొక్కా కాలరుకో జేబుకో పనికొస్తుందని ఒకటీ. డబ్బు అప్పటికప్పుడు ఇవ్వకపోయినా షావుకారుగారు ఖాతా పుస్తకంలో రాసుకునేవారు, తరవాతి దాళ్వా పంట వచ్చేదాకా అడిగేవారు కాదు.

నూలా కాదా అని అనుమానం వస్తే గుమాస్తానే ఒక దారం పీకి అగ్గిపుల్ల వెలిగించేవాడు. నూలయితే కాగితం కాలిన వాసన, పొడి బూడిద. పాలిస్టర్ అయితే ముడుచుకుపోయి నల్లటి గట్టి పూసలా మిగిలేది. పట్టుకి వెంట్రుకలు కాలిన కంపు వస్తుంది. ఇది మీరు ఇంట్లో సింకు దగ్గర జాగ్రత్తగా చేసి చూడొచ్చు.

జాకెట్టు ముక్కల దగ్గర ఇంకో తంతు. టూ బై టూ రూబియా అనే జాకెట్టు గుడ్డలో ఒక్క ఆకుపచ్చే ఎన్నో రకాలు పరిచేవాళ్ళు. ట్యూబులైటు కింద ఏదీ తేలదు కాబట్టి చీర కొంగూ జాకెట్టు ముక్కా పట్టుకుని వీధి అరుగు మీదకి, ఎండలోకి వచ్చేవాళ్ళం. షావుకారుగారు ఎక్కడికమ్మా అని కూడా అనేవారు కాదు. పక్క కొట్టు గుమాస్తా కూడా వచ్చి ‘అది కాదండి, ఆ ముదురుది బాగుంటుందండి ఆయ్’ అని సలహా ఇచ్చి పోయేవాడు. ఇంత ఓపిక ఫోను తెరలో ఉండదు. అందులో రంగు ఒకటి కనిపిస్తుంది, పార్సిల్లో ఒకటి వస్తుంది.

మరి ఇదంతా ఎందుకు తగ్గింది అంటే, ఒక్క రెడీమేడ్ వల్లే కాదు. 1982లో బొంబాయిలో దత్తా సామంత్ నాయకత్వంలో రెండు లక్షల పైచిలుకు మిల్లు కార్మికులు సమ్మెకి దిగారు, చాలా మిల్లులు మళ్ళీ కోలుకోలేదు. మద్రాసులో ఖాకీకి పేరున్న బిన్నీ వాళ్ళ బకింగ్‌హామ్ కర్ణాటక్ మిల్లు 1996లో మూతపడింది. మిల్లు బట్ట తగ్గేకొద్దీ కరెంటు మగ్గాల మీద నేసే పవర్‌లూమ్ బట్ట నిండిపోయింది. అదంతా చెడ్డదని అనను, మన బడ్జెట్లకి అదే ఆదుకుంది. కానీ మిల్లు పేరు చూసి నమ్మే అలవాటు పోయింది గనక, చేత్తో చూసి నమ్మే అలవాటు ఇంకా పెరగాల్సింది. అది కూడా పోయింది, నా బాధ అదీ.

మన నేల మీద దారం తెలిసిన చేతులకి కొదవ లేదండి. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళు అల్లే లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఉప్పాడ జాందానీ చీరలకి అంతకు చాలా ముందే వచ్చింది. కోనసీమలో బండారులంకలో మగ్గాలున్నాయి. ఇంత చుట్టూ పెట్టుకుని మన పిల్లలు బట్టని ఫొటోలో చూసి ఆర్డరు పెడితే నాకు మనసొప్పదు.

అందుకని మీ టీచరుగారితో మాట్లాడాను. వచ్చే వారం అందరం కలిసి ద్వారపూడి వెళ్తున్నాం, రాజమండ్రి నుంచి సామర్లకోట వైపు వెళ్ళే పాసింజరులో. ఎవరి కొలతలు వాళ్ళు చీటీ మీద రాసుకుని రండి, టేపు మర్చిపోవద్దు. మ్యాచింగ్ కావలసినవాళ్ళు చీర వెంట తెచ్చుకోండి. అమ్మమ్మలూ, మీరూ రావాలి, తాను పట్టుకుని చూపించడానికి మీకన్నా టీచర్లు ఎవరూ లేరు. బేరం సంగతి నాకు వదిలేయండి.