పద్మ లేని సలీం కథ: ‘మిడ్‌నైట్స్ చిల్డ్రన్’ తెర మీద ఎక్కడ తప్పింది?

వ్యాఖ్యాత: సల్మాన్ రష్దీ ‘మిడ్‌నైట్స్ చిల్డ్రన్’ 1981లో వచ్చింది, ఆ ఏడాదే బుకర్ బహుమతి అందుకుంది. దీపా మెహతా సినిమా 2012లో వచ్చింది. స్క్రీన్‌ప్లే రష్దీదే, వెనక నుంచి కథ చెప్పే గొంతూ ఆయనదే. శివగా సిద్ధార్థ్, పార్వతిగా శ్రియ. ఇంత ఉండీ ఎందుకు నిలబడలేదు మేడమ్?

విమర్శకురాలు: పద్మను తీసేశారండీ. నవలలో కథ చెప్పేవాడు సలీం. 31 నిండబోతున్న అతను పచ్చళ్ల ఫ్యాక్టరీలో కూర్చుని, రాసింది రాసినట్టు అక్కడ పనిచేసే పద్మకు చదివి వినిపిస్తుంటాడు. ఆమె విసుక్కుంటుంది, అసలు సంగతికి రమ్మని తొందరపెడుతుంది, అలిగి వెళ్లిపోతుంది. ఆమె లేని రోజుల్లో అతని కథ పట్టు తప్పుతుంది. గాంధీ హత్య తేదీ తప్పు చెప్పానని తనే గ్రహించి కూడా దిద్దడు. ఆ నవలలో సంఘటనలు ఎంత ముఖ్యమో, చెప్పేవాణ్ని నమ్మాలా వద్దా అన్న పేచీ అంత ముఖ్యం.

ఎడిటర్: ఆ పేచీ రచయిత గొంతుతో పోయింది. రష్దీ చదువుతుంటే అది సలీం మాటలా వినపడదు, తీర్పులా వినపడుతుంది. ఇంకోటి, కథ మీద కథనం పరిచిన ప్రతిచోటా అక్కడి శబ్దం తగ్గించాలి, నటుల మాట ఆపాలి. షాట్ చేసే పనల్లా అప్పుడే విన్నదాన్ని మళ్లీ చూపించడమే. షహానా గోస్వామి, సీమా బిశ్వాస్ లాంటి వాళ్లున్నా సన్నివేశం ఊపందుకునే లోపే ఏళ్లు మారిపోతాయి.

స్క్రీన్‌ప్లే రచయిత: లెక్క చూడండి. 1915 నుంచి ఎమర్జెన్సీ దాటేదాకా అరవై ఏళ్లకు పైబడిన కథ. సినిమా సుమారు రెండున్నర గంటలు. ఏడాదికి రెండున్నర నిమిషాలు కూడా రావు. 30 అధ్యాయాల నవలలో సలీం పుట్టేది ఎనిమిదో దాంట్లో. అన్నీ ఉంచాలనుకోవడమే అసలు పొరపాటు. రచయితే కత్తెర పట్టుకుంటే చేయి ఆడదు.

విమర్శకురాలు: అర్ధరాత్రి పిల్లల విషయం కూడా. అంటే దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన అర్ధరాత్రి తర్వాతి గంటలో సలీంలాగే పుట్టి, వింత శక్తులున్నవాళ్లు. పుట్టింది 1,001 మంది, పదేళ్లు వచ్చేసరికి మిగిలింది 581. నవలలో వాళ్ల సమావేశం సలీం తలలో రేడియోలా మోగే గొంతులు. సినిమాలో వాళ్లు మనుషులై గదిలోకి వచ్చి నిలబడతారు. చీకటి తెర మీద పొరలు పొరలుగా గొంతులు, రకరకాల భాషలు వినిపిస్తే చాలు కదా! సినిమాకు శబ్దం ఉన్నది ఎందుకు?

ఎడిటర్: చిల్లు దుప్పటి మాత్రం తెరకు పుట్టిన వస్తువే. కశ్మీర్‌లో డాక్టరైన సలీం తాత, దుప్పటి చాటున ఉన్న రోగిని 7 అంగుళాల రంధ్రంలోంచి ముక్కలు ముక్కలుగా చూస్తాడు, మనసులో అతికించుకుంటాడు. సినిమా మొత్తం ఆ పద్ధతిలో తీయాల్సింది. దాన్ని ఒక సన్నివేశానికే పరిమితం చేశారు.

వ్యాఖ్యాత: మీరైతే ఏం చేసేవారు సార్?

స్క్రీన్‌ప్లే రచయిత: ఫ్యాక్టరీలో మొదలుపెడతాను. ఎనిమిది చోట్ల పద్మ దగ్గరికి తిరిగొస్తాను, ఒక్కోసారి నిమిషం. ఆ ఎనిమిది నిమిషాల కోసం తాతగారి భాగాన్ని పావుగంటకు కుదిస్తాను.

విమర్శకురాలు: తాతగారి కశ్మీర్‌ను కుదిస్తే సలీం పెద్ద ముక్కు కథ ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియదు కదండీ! నేనొప్పుకోను. 1997లో బీబీసీ ఐదు భాగాల సీరియల్‌గా తీయబోయింది, శ్రీలంకలో అనుమతి వెనక్కి తీసుకోవడంతో ఆగిపోయింది. ఈ నవలకు సరిపడే నిడివి అది.

ఎడిటర్: ఐదు భాగాలైనా సరే, మొదటి భాగంలోనే పద్మ ఒక్కసారైనా అతన్ని నమ్మనని లేచిపోవాలి.