నరం మిగిలే ఉంటుంది, గడువే తక్కువ

అందరికీ నమస్కారం.

పుట్టుచెవుడు పిల్లల గురించి “వినికిడి నరం చచ్చిపోయింది, ఇంకేం లాభం” అనే మాట తరచూ వినిపిస్తుంది. చాలామంది పిల్లల విషయంలో అది నిజం కాదు. చెడిపోయేది ఎక్కువగా నరానికి ముందున్న కాక్లియాలోని (నత్తగుల్లలా ఉండే లోపలి చెవి భాగం) రోమకణాలు, అంటే శబ్దాన్ని పట్టే కణాలు. ఒక్కో చెవిలో లోపలి వరుసవి సుమారు 3,500, బయటి వరుసలవి సుమారు 12,000. పోయినవి మళ్లీ పుట్టవు.

ఈ కణాల పైభాగాన్ని తడిపే ద్రవంలో పొటాషియం ఎక్కువ. శబ్దానికి రోమాలు వంగితే పొటాషియం కణంలోకి వస్తుంది, సంకేతం పుడుతుంది. ఆ పొటాషియం తిరిగి ద్రవంలోకి చేరాలి. ఆ దారుల్లో ముఖ్యమైనవి కనెక్సిన్ 26 అనే ప్రొటీన్‌తో తయారవుతాయి. దాని జన్యువు జీజేబీ2 రెండు ప్రతులూ దెబ్బతింటే రోమకణాలు క్షీణిస్తాయి. తల్లిదండ్రులిద్దరూ చక్కగా వింటూనే చెరో లోపభూయిష్ట ప్రతిని మోస్తుండవచ్చు. అప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు చెవుడు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. మేనరికాల్లో ఇద్దరికీ అదే ప్రతి ఉండే అవకాశం ఎక్కువ. దయచేసి తల్లిని నిందించకండి.

ఇలాంటి పిల్లల సీటీ స్కాన్ సాధారణంగా బాగానే ఉంటుంది. ఎముక సవ్యంగా ఉండి, లోపలి పొర మాత్రమే కుంగిపోతుందని చెవి వైద్యుడు షీబే 1892లోనే వర్ణించాడు. కాబట్టి స్కాన్ బాగుందని ఊరుకోవద్దు.

వెనక నిలబడి పళ్లెం మోగించి చూడటం పరీక్ష కాదు. బిడ్డ నీడకో, గాలి కదలికకో తిరుగుతుంది. చెవిలో చిన్న గొట్టం పెట్టి చేసే ఓఏఈ పరీక్ష బయటి రోమకణాలనే చూస్తుంది. నవజాత శిశు ఐసీయూలో ఉన్న, కామెర్లు తీవ్రంగా వచ్చిన బిడ్డకు అందులో పాసైనా, సంకేతం నరం గుండా మెదడుకు చేరుతోందో చూసే బెరా పరీక్ష తప్పనిసరి. నెలలోపు తొలి పరీక్ష, మూడు నెలలకు నిర్ధారణ, ఆరు నెలలకల్లా వినికిడి యంత్రం. దానితో తగినంత వినికిడి రాకపోతే, ఆపరేషన్‌తో చెవి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్. అది రోమకణాలను దాటి నేరుగా నరాన్ని ప్రేరేపిస్తుంది. నరం ఉందో లేదో ముందే ఎంఆర్ఐలో చూడాలి.

ఈసీజీ కూడా మరవకండి. చెవిటి బిడ్డ ఏడ్చినప్పుడో, పరుగెత్తినప్పుడో స్పృహ తప్పితే మూర్ఛ అని సరిపెట్టుకోవద్దు. చెవిలోనూ గుండెలోనూ ఒకే పొటాషియం మార్గం చెడే జబ్బు ఒకటుంది, ప్రాణం తీస్తుంది.

మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) తర్వాత మాత్రం నెలల లెక్క పనికిరాదు. కొన్ని వారాల్లోనే కాక్లియా లోపల ఎముక పెరగడం మొదలవుతుంది, ఆపైన ఇంప్లాంట్ తీగ (ఎలక్ట్రోడు) దూరడం కష్టమవుతుంది. డిశ్చార్జికి ముందే బెరా చేయించండి. వినికిడి బాగా పోయిందని తేలితే వెంటనే ఎంఆర్ఐ తీయించి, అదే వారంలో ఇంప్లాంట్ చేసే సర్జన్‌కు చూపించండి.