పాత తుపాకికి కొత్త మెరుగు పెడితే

అందరికీ నమస్కారం.

పాత తుపాకుల సేకరణలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువమంది ఒకే చోట పొరబడతారు. ఎప్పటిదో ఒక తుపాకి చేతికొస్తుంది. గొట్టం మీద నీలం పోయి గోధుమ రంగుకి తిరిగి ఉంటుంది, చెక్క నిండా గీతలు. పాలిష్ పట్టించి, మళ్లీ బ్లూయింగ్ (ఉక్కుకి ముదురు నీలం రంగు తెచ్చే పూత) చేయిస్తే మంచి ధర పలుకుతుందనుకుంటారు. జరిగేది సరిగ్గా దానికి వ్యతిరేకం.

అమెరికాలో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పురాతన తుపాకుల స్థితికి కొన్ని శ్రేణులు పెట్టింది. అసలు పూత 80 శాతానికి మించి మిగిలి ఉంటే 'ఎక్సలెంట్'. 30 శాతం దాటితే 'ఫైన్'. ఆ కింది మెట్టు 'వెరీ గుడ్'లో అసలు పూత 30 శాతం నుంచి సున్నా దాకా ఎంతైనా ఉండొచ్చు. పూత పూర్తిగా పోయినా ఫరవాలేదు గానీ లోహం నునుపుగా, అంచులు పదునుగా ఉండాలి, అక్షరాలు స్పష్టంగా కనబడాలి. మళ్లీ బ్లూయింగ్ చేసిన తుపాకి మాట వచ్చేది ఇంకో మెట్టు దిగాక, 'గుడ్'లో. అంటే తళతళలాడే రీబ్లూ కన్నా, రంగంతా పోయినా ఎవరూ ముట్టుకోని తుపాకికే విలువెక్కువ. నాకైతే ఇది చాలా న్యాయంగా అనిపిస్తుంది. స్క్రూ పోతే అదే కాలానిది ఇంకొకటి వెతుక్కోవచ్చు. ఫ్యాక్టరీ పనివాడి చేతి పని పోతే మాత్రం తెచ్చుకునే దారి లేదు.

అసలు నష్టం రంగు వేసేటప్పుడు కాదు, అంతకు ముందు పాలిష్ పట్టేటప్పుడే జరిగిపోతుంది. బ్లూయింగ్ చాలా పల్చటి పొర, అది గుంటల్ని కప్పదు. తుప్పు తిన్న గుంట కనబడకూడదంటే చుట్టూ ఉన్న ఉక్కుని అంత లోతుకీ అరగదీయాల్సిందే. మెత్తటి గుడ్డ చక్రానికి పట్టి అరగదీస్తే ఏమవుతుందో ఒక స్క్రూ రంధ్రం దగ్గర చూడండి. ఫ్యాక్టరీలో దాని అంచు కోసినట్టు ఉంటుంది. చక్రం ఆ అంచుని లోపలికి లాగేస్తుంది, రంధ్రం చుట్టూ చిన్న పళ్లెంలా పల్లం పడుతుంది. వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే ఇట్టే తెలిసిపోతుంది. గొట్టం మీది కంపెనీ పేరులో అక్షరాలు ఒక పక్క లోతుగా, ఒక పక్క మాసిపోయి ఉంటాయి. ఎనిమిది పలకల గొట్టమైతే పలకల మధ్య గీతలు గుండ్రబడిపోతాయి. నేను ముందు చూసేది ఇవే, రంగు సంగతి తర్వాత.

రంగులోనూ తప్పులు దొరుకుతాయి. 1873లో వచ్చిన కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్‌నే తీసుకోండి. నీలం పూత రకంలో కూడా దాని ఫ్రేమ్‌కి బ్లూయింగ్ ఉండదు. కేస్ హార్డెనింగ్ (లోహం పైపొరని గట్టిపరిచే పద్ధతి) వల్ల వచ్చే నీలం, బూడిద, గోధుమ రంగుల మరకలుంటాయి. దాన్ని గొట్టంతో పాటు ఒకే నీలంలో ముంచేస్తే, తెలిసినవాళ్లు దూరం నుంచే పట్టేస్తారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనిక 1911ఏ1 పిస్టళ్లలో ఎక్కువ భాగానికి పార్కరైజింగ్ అనే మెరుపు లేని బూడిద రంగు ఫాస్ఫేట్ పూత ఉంటుంది. వాటికి అద్దంలాంటి బ్లూయింగ్ పెట్టడం చూస్తే నిజంగా బాధేస్తుంది.

జంట గొట్టాల షాట్‌గన్‌కైతే ప్రమాదం ఇంకా పెద్దది. ఈ రోజుల్లో మామూలుగా చేసే హాట్ బ్లూయింగ్‌లో తుపాకిని మరిగే కాస్టిక్ లవణాల్లో ముంచుతారు. ఆ గొట్టాల్ని టంకంతో అతికించి ఉంటే కాస్టిక్ టంకాన్నే తినేస్తుంది, అతుకులు ఊడిపోతాయి. లోపల చిక్కుకున్న లవణం తర్వాత తుప్పుగా బయటపడుతుంది. వాటికి పాతకాలపు రస్ట్ బ్లూయింగే చేయాలి: తుప్పు పట్టించడం, నీళ్లలో మరిగించి ఆ తుప్పుని నల్లబరచడం, బ్రష్‌తో రుద్దడం, మళ్లీ మొదలు.

చెక్కని సాండ్‌పేపర్‌తో రుద్దడం కూడా అంతే చేటు. సైనిక రైఫిల్ మీద తనిఖీ అధికారి వేసిన ముద్ర నాలుగు రుద్దులకే మాయమవుతుంది. చెక్క లోహం కన్నా కిందకి దిగిపోతుంది. అసలు చెక్క సాధారణంగా లోహం కన్నా ఒక పిసరు ఎత్తుగానే ఉంటుంది.

మళ్లీ పూత వేసిన ప్రతిదీ పనికిరాదని కాదు. అమెరికా సైన్యం కోల్ట్ రివాల్వర్లను వెనక్కి తెప్పించి, ఏడున్నర అంగుళాల గొట్టాల్ని ఐదున్నరకు కత్తిరించి, మరమ్మతు చేసి మళ్లీ వాడింది. ఆర్టిలరీ మోడల్ అని పిలిచే ఆ తుపాకుల్లో విడిభాగాల మీది నంబర్లు ఒకదానితో ఒకటి కలవకపోయినా సేకర్తలు ఇష్టంగా కొంటారు, ఎందుకంటే ఆ మార్పు వాటి సేవాకాలంలోనే జరిగింది. ఎవరో ఇప్పటికే పాడుచేసిన తుపాకిని, ఆ కాలపు పద్ధతులు తెలిసిన నిపుణుడికి ఇచ్చి బాగుచేయించడాన్నీ నేను తప్పుపట్టను.

మీ దగ్గర అలాంటిదేదైనా ఉంటే ముందు లోపల గుండు లేదని నిర్ధారించుకోండి. మెత్తటి గుడ్డకి కాస్త పల్చటి నూనె అద్ది తుడవండి, అంతకు మించి ఏమీ చేయకండి. కోల్ట్ అయితే కంపెనీ ఆర్కైవ్స్ నుంచి, పాత వించెస్టర్ అయితే కోడీ ఫైర్‌ఆర్మ్స్ మ్యూజియం నుంచి, రికార్డు దొరికితే ఏ పూతతో ఫ్యాక్టరీ దాటిందో తెలిపే ఉత్తరం తెప్పించుకోవచ్చు. రీఫినిష్ చేసిందని, అంటే మళ్లీ పూత వేసిందని తెలిస్తే, అమ్మేటప్పుడు ఆ మాట కొనేవాళ్లకి ముందే చెప్పండి. పని చేయించకముందు తీసిన ఫొటోలు, బిల్లు ఉంటే అవి కూడా తుపాకితో పాటే ఇవ్వండి.